సంత అయ్యాక చెప్తాను

కృపావతి సిస్టరుకి ఒక్కటే జబ్బు. ఏ సంగతీ అక్కడికక్కడ తేల్చదు. అలాగని ఆసుపత్రిలో కాదు సుమా. అక్కడ "సిస్టర్, జొరం" అనేలోపే నోట్లో థర్మామీటరు ఉంటుంది, "సూదొద్దు సిస్టర్" అనేలోపే సూది దిగిపోయి ఉంటుంది. తేల్చనిదల్లా ఆటలో. ఆదివారం ప్రార్థన అయ్యాక తన క్వార్టరు వరండాలో ఆవిడ నడిపే ఆటలో, "సిస్టర్, ఊరోళ్ళు మమ్మల్ని లోపలికి రానిస్తారా?" అని అడిగితే చాలు, పాచికలు ఒళ్ళో పోసుకుని, కళ్ళజోడు చీరచెంగుతో తుడుచుకుని, "సంత అయ్యాక సెప్తాను" అంటుంది. సంతేమో వారానికి ఒక్కసారి. ఊహల్లో ఉన్న ఊళ్ళో ఊహల్లో ఉన్న కాలు పెట్టడానికి నిజంగా వారం రోజులు ఆగాలన్నమాట.

ఆట పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది గాని, చింతపల్లిలో దాన్ని అందరూ సిస్టరు ఆట అనే అంటారు. ఒక చలికాలం లంబసింగి చలి చూడ్డానికి బెంగళూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. చలిని మరీ దగ్గరగా చూసి జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. మంచం మీద ఊరికే ఉండలేక, సంచీలోంచి ఇరవై ముఖాల పాచికలు తీసి కృపావతికి ఆట నేర్పాడు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక వేషం అనుకుని "నేనిది చేస్తాను, నేనది చేస్తాను" అని నోటితో చెబుతారు. చేసింది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. అంతే ఆట. కుర్రాడికి జ్వరం దిగింది, సిస్టరుకి ఆట ఎక్కింది. వెళ్తూ వెళ్తూ పాచికలు ఆవిడకే ఇచ్చేసి పోయాడు.

అతను నేర్పిన కథలో కోటలూ, నిప్పులు కక్కే డ్రాగన్లూ ఉండేవి. సిస్టరు కోటలు తీసేసి కొండలు పెట్టింది. డ్రాగన్‌ని తీసేసి, వానల్ని మూటగట్టి తలకింద పెట్టుకుని పడుకున్న రాకాసిని పెట్టింది. కొండలన్నీ దాటి, రాకాసిని చంపి, వానల్ని విడిపించాలి. వినడానికి బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ప్రతి కొండ మీదా ఒక ఊరుంటుంది. ప్రతి ఊరికీ ఒక మర్యాద ఉంటుంది. ఆ మర్యాద జరిగితేగాని సిస్టరు ఎవర్నీ అడుగు ముందుకు వెయ్యనివ్వదు. ఏడాది కావస్తున్నా జట్టు రెండో కొండ దాటలేదు. రాకాసి మాత్రం హాయిగా నిద్రపోతోంది.

"ఊరి మొగకి వొచ్చీసినారు. ఇప్పుడేటి సేస్తారు?" అంటుంది సిస్టరు. మొగ అంటే ఊళ్ళోకి వెళ్ళే దారి మొదలు.

"కత్తి దూస్తాను" అంటుంది హేమలత. పోస్టాఫీసులో పొద్దస్తమానం ముద్రలు గుద్దే మనిషి. ఆటలో మాత్రం రెండు కత్తుల వీరనారి వేషం. ముద్రలు గుద్దే చెయ్యి ఆదివారం కూడా ఊరుకోదు.

"కత్తి సంగతి తరవాత. సెప్పులెక్కడ ఇడిసినావు?"

"సిస్టర్! నేను కవచం తొడుక్కుని యుద్ధానికి వొచ్చాను. యుద్ధంలో సెప్పులేటండీ?"

"ఊరి మొగలో దేవత రాళ్ళున్నాయని ఇందాకే సెప్పినాను గదా గుంటా. ఆటి ముందునుంచి సెప్పులేసుకుని టకటకా ఎల్లిపోతావా?"

ఈ మాటకి వెంకటరావు గొంతు సవరించుకుంటాడు. బజార్లో కిరాణా కొట్టు ఆయనది. అనకాపల్లి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆటలో మాంత్రికుడి వేషం. "సిస్టరుగారూ, తమరు చర్చికెళ్ళే మనిషి. దేవత రాళ్ళ గురించి తమరికెందుకండీ ఇంత పట్టింపు?"

"నేను ఏసయ్యకి మొక్కుతాను వెంకటరావుగారూ. ఆ ఊరోళ్ళు ఆళ్ళ దేవతకి మొక్కుతారు. ఊరు నాదా, ఆళ్ళదా?"

దాంతో వీరనారీ, మాంత్రికుడూ ఊహల్లో చెప్పులు విప్పేవారు. వెంకటరావు అయితే నిజం చెప్పులు కూడా బల్ల కిందికి తోసేసేవాడు. ఏ వేషమైనా మనసుపెట్టి వెయ్యాలి అన్నది ఆయన సిద్ధాంతం.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు పేరు దగ్గర. బెంగళూరు కుర్రాడి ఆటలో ఎవడి కీర్తి వాడిదే. సిస్టరు దాన్ని కొట్టిపారేసింది. "ఒంటి పేరు నేదు, జట్టు పేరే" అంది. దానికి తనే మెట్లు కట్టింది. పేరు చెడ్డదైతే ఊరి మొగలో నిలబెడతారు. కాస్త నయమైతే నీళ్ళిస్తారు. బాగుంటే చోడి అంబలి, అదే రాగి అంబలి, ఇస్తారు. చాలా బాగుంటే కోడి కోస్తారు. ఎవడు ఏ వెధవపని చేసినా జట్టంతా ఒక మెట్టు దిగాల్సిందే.

మొదటి దెబ్బ వెంకటరావే తిన్నాడు, తినిపించాడు. మంత్రాలు వెయ్యాల్సిన మనిషి, దారిలో అరటిగెల పట్టుకుని కూర్చున్న ముసలామె కనబడేసరికి బేరం వేశాడు. అడిగిన ధరలో సగానికి దింపాడు. దింపి, గెలతోపాటు ఆమె తట్ట కూడా కొసరు అడిగాడు. పాచికలో పందొమ్మిది పడింది. గెలా వచ్చింది, తట్టా వచ్చింది. వెంకటరావు మీసం మెలేశాడు.

తరవాతి ఆదివారం జట్టు ఇంకో కొండ మీది ఊరి మొగకి చేరేసరికి, ఆ ఊరి ఆడవాళ్ళు గెలలన్నీ అటకెక్కించి తలుపులేసేసుకున్నారు.

"ఇది వేరే ఊరు కదండీ!" అని వెంకటరావు లబోదిబోమన్నాడు. "ఆళ్ళకెలా తెలిసింది?"

"సంత జరిగింది గదా" అంది సిస్టరు.

ఇది విన్నప్పుడల్లా హేమలత నవ్వేది. వెంకటరావు విసుక్కునేవాడు. ఉదయ్ మాత్రం పాచికలు ఏరుతూ కూర్చునేవాడు. జట్టులో మూడోవాడు ఉదయ్, వేటగాడి వేషం. సంతలో పేరు ఎలా పోతుందో అతనికి ఎవరూ ఆటలో నేర్పక్కర్లేదు.

ఉదయ్‌ది నర్సీపట్నం. లంబసింగి పైన వలిసెగరువు అని చిన్న ఊరుంది. ఆ ఊరి పక్క మెట్టమీద డేరాలు వేసి, చలి చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చుకునేవాడు. క్రితం చలికాలం ఫోనులో ఒక రీలు పెట్టాడు: "రేపు తెల్లారేసరికి మా కొండమీద మంచు పడుద్ది, బేగి రండి!" అతను అన్నది పొగమంచు. కాని మన భాషకి ఇందులో పెద్దగా పట్టింపు లేదు. పొగమంచూ మంచే, హిమాలయాల మీద గడ్డకట్టేదీ మంచే. రీలు చూసినవాళ్ళకి హిమాలయాలే కనబడ్డాయి. బస్సులకి బస్సులే వచ్చాయి. చేతికి తొడుగులు, కాళ్ళకి బూట్లు. ఒకాయన మంచుబొమ్మకి ముక్కు పెట్టాలని క్యారెట్టు కూడా పట్టుకొచ్చాడు.

తెల్లారింది. పొగమంచు ఎంత దట్టంగా పడిందంటే క్యారెట్టు పట్టుకున్నాయనకి క్యారెట్టు కూడా కనబడలేదు. మోసం, మోసం అని ఒకటే గోల. ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతో పోవడం ఎందుకని, నూనెగింజల కోసం వేసిన, పసుప్పచ్చగా విరబూసిన వలిసెచేలో దిగి ఫోటోలు తీసుకున్నారు. చలేసి కంచె కర్రలు పీకి మంటేసుకున్నారు. మధ్యాహ్నానికి చేను చాపలా పరుచుకుంది. ఊరి పెద్ద గాసి వచ్చి, నేలమట్టమైన చేనుకేసీ ఉదయ్‌కేసీ చూసి, "ఇంక కొండెక్కకు" అని ఒక్క మాట అన్నాడు.

ఆ తరవాతి సంతకల్లా ఉదయ్‌కి "మంచోడు" అని పేరు పడిపోయింది. మంచు తెచ్చినవాడు కాబట్టి మంచోడు. ఇంత మంచి మాట తిట్టుగా మారి నెత్తిన కూర్చోవడం ఎవరికీ జరిగి ఉండదు. షేర్ జీపులో అతనెక్కితే పక్కవాళ్ళు చోటిచ్చేవారు కాదు. టీకొట్టులో "ఏం మంచోడా, ఇయ్యేళ వడగళ్ళు పడతాయా?" అనేవారు. ఉదయ్ సంతకెళ్ళడం మానేశాడు. వచ్చే చలికాలానికి వలిసెగరువు మళ్ళీ రానివ్వకపోతే డేరాలు అమ్మేసి, విశాఖపట్నంలో ఏ బట్టల షోరూములోనో చేరిపోవడమే అనుకున్నాడు. పోవడం అతనికి ఇష్టం లేదు. ఈ కొండలు అతనికి ప్రాణం. కాని మాట్లాడే మనిషి లేని చోట ప్రాణం మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

అలాంటి రోజుల్లో జలుబు చేసి ఆసుపత్రికి వెళ్ళాడు. సిస్టరు మందిచ్చి, అతని మొహం రెండోసారి చూసి, "ఆదివారం కాళీయేనా? ఆటాడతావేటి?" అంది. ఏం ఆటని కూడా అడక్కుండా వస్తానన్నాడు.

మావిడికాయ గొడవ చైత్రంలో జరిగింది. జట్టు రెండో కొండ ఊరి మొగలో నిలబడి నిలబడి విసిగిపోయి ఉంది. ఎవరైనా వచ్చి ఎవరు మీరని అడిగేదాకా ఉండాలట.

"ఆకలేస్తంది సిస్టర్" అన్నాడు ఉదయ్. "పక్కన మావిడిచెట్టేదైనా ఉందా?"

"ఉంది" అంది సిస్టరు, కొంచెం అనుమానంగా.

"కాయలున్నాయా?"

"ఉండడానికి ఉన్నాయి."

"కోసుకు తినేస్తాను" అని పాచిక విసిరాడు. ఇరవై! వేసినవాడి జన్మ ధన్యమైపోయే అంకె. ఉదయ్ కుర్చీలోంచి లేచి గెంతాడు. "ఇరవై సిస్టర్! ఇరవై!"

హేమలత రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఒరే ఉదయ్, కొత్త అవ్వనేదురా!"

హేమలతది కొండ ఊరే. వాళ్ళ ఊళ్ళల్లో మామిడి కొత్త అని పండగ చేస్తారు. తొలికాయ దేవతకి పెట్టి పండగ చేసుకునేదాకా, చెట్టునిండా కాయలు వేలాడుతున్నా పిల్లలు కూడా ముట్టుకోరు. ఉదయ్‌కి ఆ సంగతి తెలీదు. పైగా అతనికి ఇరవై పడింది.

"పాచిక ఒప్పుకుంది కదా!" అన్నాడు.

"కాయ కొయ్యడం కుదిరిందో నేదో పాచిక సెప్తాది. కొయ్యొచ్చో కొయ్యకూడదో దానికేటి తెలుసు?"

"మరెవరు సెప్తారు?"

సిస్టరు కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టింది. "సంత అయ్యాక" అని వెంకటరావూ హేమలతా కూడబలుక్కున్నట్టు అన్నారు.

తరవాతి ఆదివారం తీర్పు వచ్చింది. నీళ్ళు కూడా లేవు, నిలబెట్టేశారు. అది కూడా సిస్టరు తన మాటగా చెప్పలేదు. లేచి నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎవరిదో గొంతు తెచ్చుకుని చెప్పింది. "ఆ ఊరి ముసలామె ఏటందో తెలుసా? మా పిల్లలు నోరు కట్టుకుని కూకుంటే, దారినపోయే దానయ్య తినీడమేటి? ఆణ్ణి ఎండలో నిలబెట్టండి. ఆడితో వొచ్చినోళ్ళనీ నిలబెట్టండి, అంది."

"ఒక కోడిని కొనిచ్చేసి చేతులు దులుపుకుందాం" అన్నాడు వెంకటరావు.

"ఆ ముసలామెతో నేను మాటాడతాను" అని హేమలత కత్తి మీద చెయ్యేసింది.

ఉదయ్ తల అడ్డంగా ఊపాడు. "నేను సెప్తాను" అని, ఆ లేని ముసలామె వైపు తిరిగి మొదలెట్టాడు. తప్పు నాదే, తెలీక చేశానని చెప్పను, అడిగి తెలుసుకోవాల్సింది, అడగలేదు. లోపలికి రానివ్వమని అడగను. ఇక్కడే కూర్చుంటాను, ఏదైనా పనుంటే చెప్పండి, చేస్తాను. చెబుతూ చెబుతూ మావిడికాయ దగ్గర మొదలైనవాడు చేను దగ్గరికి వెళ్ళిపోయాడు, చేను నుంచి కంచె కర్రల దగ్గరికి వెళ్ళాడు. వెంకటరావు ఎందుకో చొక్కా బొత్తాలు సర్దుకున్నాడు.

"పాచిక వెయ్యనా సిస్టర్?" అన్నాడు చివరికి.

"అక్కర్నేదు" అని సిస్టరు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. కాఫీ తేవడానికి మామూలుకన్నా చాలాసేపు పట్టింది. సంత అయ్యాక ఆ ఊరు జట్టుకి నీళ్ళిచ్చింది.

వానలు పడ్డంతకాలం జట్టు ఆ ఊరికి పనులు చేస్తూనే ఉంది. వానల్ని రాకాసి మూటగట్టింది కదా, మరి ఈ వానలెక్కడివని వెంకటరావు అడిగితే, "మూటకి సిల్లు పడింది" అంది సిస్టరు. పొంగిన గెడ్డలో పడ్డ పిల్లని హేమలత దూకి ఒడ్డుకు చేర్చింది. వెంకటరావు అరటిగెల ముసలామెని వెతికి పట్టుకుని తట్ట తిరిగి ఇచ్చాడు. ఇచ్చి, ఇంకో గెల అడిగిన ధరకే కొన్నాడు. ఆ రాత్రి తనకి నిద్రపట్టలేదని తరవాత చెప్పాడు. జట్టు అంబలి దాకా ఎక్కింది. ఉదయ్ ఆదివారం కోసం సోమవారం నుంచే ఎదురు చూసేవాడు.

చలి మొదలైంది. కొండల మీద వలిసె పూసింది. ఉదయ్ డేరాలు కొనేవాణ్ణి మాట్లాడుకున్నాడని బజార్లో తెలిసింది. ఆ ఆదివారం జట్టు వరండాలో కూర్చుని ఉండగా సిస్టరు మంకీ క్యాప్ పెట్టుకుని బయటికొచ్చింది.

"ఇయ్యేళ ఆట నేదు. వలిసెగరువు ఎల్తన్నాం. జీపు ఆగుంది, బేగి పదండి."

"నేను రాను" అన్నాడు ఉదయ్.

"నిన్నెవరు రమ్మన్నారు? జట్టుని రమ్మన్నాను."

లంబసింగి దాకా జీపులో, అక్కణ్ణించి నడక. దారిపొడుగునా ఉదయ్ అందరికన్నా వెనక నడిచాడు. వలిసెగరువు మొగలో దేవత రాళ్ళు కనబడగానే, ఎవరూ చెప్పకుండానే జట్టు మొత్తం ఆగి చెప్పులు విడిచింది. వెంకటరావు అయితే మేజోళ్ళు కూడా విడిచాడు. పిలిచేదాకా అక్కడే నిలబడ్డారు.

కాసేపటికి గాసి తల్లి గంగమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అందర్నీ ఎగాదిగా చూసి, కర్ర ఎత్తి ఉదయ్‌ని చూపించింది.

"మావిడికాయ కోసిన గుంటడు నువ్వేనా?"

ఉదయ్ తెల్లబోయాడు. "కాదు మామ్మా! నీ సేను తొక్కించింది నేనే, కంచె పీకించింది నేనే. అది ఒప్పుకుంటాను. కాని మావిడికాయ నేను కొయ్యనేదు. చలికాలంలో మావిడికాయలెక్కడివి?"

"మొన్న ఎండాకాలం. కొత్త అవ్వకుండా కోసి, ఇరవై పడిందని గెంతినావట గదా?"

"అది... అది ఆటలో మామ్మా!"

"ఆటలో అయితే కోసీయొచ్చేటి?" అంది గంగమ్మ. ఆమె చెయ్యి అప్పుడే నడుం మీదికి వెళ్ళింది. ఆ గొంతు ఉదయ్ ఇంతకుముందు విన్నదే, సిస్టరు వరండాలో.

గంగమ్మ వెంకటరావు వైపు తిరిగింది. "కొసరుకి తట్ట అడిగినోడివి నువ్వేనా? తిరిగిచ్చినావు గాబట్టి బతికిపోనావు." తరవాత హేమలత చెయ్యి పట్టుకుని, వేళ్ళు నొక్కి చూసి, "గెడ్డలో దూకిన గుంట నువ్వా? ఇంత బక్కగున్నావేటే? మేం పెద్ద మనిషనుకున్నాం" అంది.

ముగ్గురూ ఒక్కసారే సిస్టరు వైపు తిరిగారు. సిస్టరు అక్కడున్న ఆముదం మొక్కని, అలాంటి మొక్క ఎన్నడూ చూడనట్టు, పరీక్షగా చూస్తోంది.

సంగతేమిటంటే, సంతరోజున కొండల మీది తల్లులందరూ పిల్లల్ని చంకనేసుకుని దిగుతారని, సిస్టరు టీకాల పెట్టె పట్టుకుని సంతలో ఒక మూల కూర్చుంటుంది. సూది పడేటప్పుడు పిల్లలు ఏడవకుండా కథ చెబుతుంది. చెప్పేది ఆదివారం జరిగిన ఆటే. సూది అయ్యాక పిల్లలు వెళ్ళిపోయేవారు గాని, తల్లులూ ముసలమ్మలూ వెళ్ళేవారు కాదు. అప్పుడు సిస్టరు అడిగేది: "ఆ గుంటడలాగ సేసినాడు. మీ ఊరైతే ఏటి సేస్తారు?" ఇంకేముంది, అమ్మకానికి తెచ్చిన మిరియాలు ఒకవైపు, మనుషులు ఒకవైపు. నిలబెట్టమని కొందరు, నీళ్ళియ్యమని కొందరు. అక్కడ తేలిందే ఆదివారం ఆటలో తీర్పు. హేమలతకి సంతరోజున పోస్టాఫీసులో తల ఎత్తే తీరిక ఉండదు. వెంకటరావు రెండో మూల కొట్టు పరుచుకుని అరుస్తుంటాడు. ఉదయ్ సంతకే రాడు. అందుకే ఇన్నాళ్ళూ జట్టులో ఎవరికీ తెలియలేదు.

"నీళ్ళియ్యొద్దన్నది నానే" అంది గంగమ్మ గర్వంగా.

"మరి తరవాత ఎందుకిచ్చావు మామ్మా?"

"తప్పని సెప్పి, లోపలికి రానియ్యండని అడగనేదట గదా. అడిగుంటే ఇచ్చీదాన్ని కాదు." కాస్త ఆగి, "ఆ గుంటడు మా సేను తొక్కించిన మంచోడేనని మొన్న సంతలో సెప్పింది మీ సిస్టరు. ముందే సెప్పుంటే కథ మాట దేవుడెరుగు, మా మనవరాలికి సూది కూడా ఏయనిచ్చీదాన్ని కాదు" అంది.

ఉదయ్‌కి అప్పుడు పూర్తిగా బోధపడింది. ఆవిడ పాచిక విసిరి క్షణంలో తేల్చేయగలిగేది. అలా కాకుండా అతని తప్పునీ, అతను చెప్పుకున్న క్షమాపణనీ పేరు చెప్పకుండా మోసుకెళ్ళి, ఎవరి దగ్గర పేరు పోగొట్టుకున్నాడో వాళ్ళ ముందే పెట్టింది. ఒక వారం కాదు, చైత్రం నుంచి చలికాలం దాకా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ ఆముదం మొక్కని చూస్తే నవ్వూ వచ్చింది.

"సిస్టర్, మీరే సెప్పేయొచ్చు కదా ఆటలో. మాకేటి తెలుస్తాది?"

"నేను సెప్పీస్తే అది నేనిచ్చిన పేరవుతాది" అంది సిస్టరు, మొక్క మీంచి చూపు తిప్పకుండా. "నీ పేరెలాగవుతాదిరా? నీకు కావాల్సింది ఆళ్ళిచ్చే పేరు గదా."

గాసి వచ్చాడు. అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి అంబలి పోయించాడు. ఉదయ్ గిన్నె కింద పెట్టాక గాసి అన్నాడు. "మెట్ట ఉదయ్‌కియ్యం."

ఉదయ్ తల దించుకున్నాడు.

"జట్టుకిస్తాం. సేను పక్కనుంచి దారి మేం సూపించినట్టే నడవాల. వొచ్చినోళ్ళు తప్పు సేస్తే మీరంతా వొచ్చి మొగలో నిలబడాల."

"నాకు కొట్టుంది బాబూ!" అన్నాడు వెంకటరావు.

"కట్టీసి రా."

"నేను ఆడీదాన్ని కాదు గాసీ, నడిపీదాన్ని" అంది సిస్టరు. "నన్ను ఒగ్గీయండి."

"నడిపీదానివైతే అందరికన్నా ముందు నిలబడు" అంది గంగమ్మ. దాని మీద ఇంక అప్పీలు లేదు.

ఆ చలికాలం మొదటి జీపు తెల్లారుతుండగా మెట్టకింద ఆగింది. హేమలత పగ్గం కట్టి చేనుకి దారి గీసింది. వెంకటరావు మంటకి కొనితెచ్చిన కట్టెలు పేర్చాడు. వచ్చినవాళ్ళని పలకరించే పని సిస్టరుది. తీరా చూస్తే సిస్టరు లేదు. ఉదయ్ వెతగ్గా వెతగ్గా డేరా వెనకాల దొరికింది.

"నాకు కొత్తోళ్ళతో మాటాడ్డం రాదురా" అంది మంకీ క్యాప్ కిందికి లాక్కుంటూ.

"ఏడాది పొడుగునా మాకు నేర్పారు కదా సిస్టర్!"

"నేర్పడానికి రావాలేటి? రోగులైతే నోట్లో థర్మామీటరు పెట్టీయొచ్చు, మాటాడరు. ఈళ్ళనేటి సెయ్యను? నువ్వెల్లు."

ఉదయ్ వెళ్ళాడు. నమస్కారం పెట్టాడు. ఏ ఊరి నుంచి వచ్చారో, దారిలో చలేసిందేమో అడిగాడు. ఇది వలిసెగరువని, పడేది పొగమంచే గాని గడ్డమంచు కాదని ముందే చెప్పాడు. ఈ చేను ఫలానావాళ్ళదని, పూలు పగ్గం ఇవతలనుంచే చూడాలని చెప్పాడు. వాళ్ళలో నల్ల కోటు వేసుకున్నాయన అతని మొహంలోకి పట్టి పట్టి చూశాడు.

"ఆగాగు. పోయినేడు ఆ రీలు పెట్టింది నువ్వే కదూ? కింద కామెంట్లు చదివాం. పెద్ద మోసగాడంట కదా!"

డేరా వెనకనుంచి మంకీ క్యాప్ సగం బయటికొచ్చి ఆగిపోయింది. మంట దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్న గంగమ్మ తల తిప్పింది.

"అలాటోడెవడూ మా ఊళ్ళో నేడు బాబూ" అంది. "ఈడు మా గుంటడు."

అని ఊరుకుందా, గ్లాసు పైకెత్తి అందరి ముందూ కేకలేసింది. "ఒరే, ఇందులో బెల్లం ఏసినావా నేదా? ఊరి మీదికి వొచ్చినోళ్ళకి ఇదేనా పెట్టీది? పరువు తీసీలాగున్నావు!"

ఏడాదిగా ఉదయ్‌ని చాలామంది చాలా అన్నారు గాని, ఇంత కమ్మగా ఎవరూ తిట్టలేదు. నల్లకోటాయనకి మళ్ళీ ఒకసారి నమస్కారం పెట్టి, బెల్లం కోసం పరిగెత్తాడు.